కాలికి వినబడని కారు

ఒక సంగతి ముందే ఒప్పేసుకుంటాను. నాకు లైసెన్సు ఉంది, డ్రైవింగు రాదు. సందులో బండి వెనక్కి తీయాల్సి వస్తే ఇప్పటికీ దిగి, తెలిసినవాళ్లెవరైనా కనబడతారా అని చుట్టూ చూస్తాను. ఇందులో నాకు నేర్పిన మాస్టారి తప్పు ఆవగింజంత కూడా లేదు. ఆయన మా ఊళ్లో సగం మందికి నేర్పారు, వాళ్లంతా చక్కగానే నడుపుతున్నారు. నేను మిగతా సగంలో ఉండాల్సినదాన్ని, దారి తప్పి ఇటు వచ్చాను. అందుకని ఈ కథలో కార్ల గురించి నేను చెప్పేది నమ్మినా నమ్మకపోయినా పర్వాలేదు. మాస్టారి గురించి చెప్పేది మాత్రం నమ్మండి.

మాస్టారంటే డ్రైవింగు స్కూలు మాస్టారు. వీధి వైపు గది ఆఫీసు, వెనక గదుల్లో సంసారం, పక్కనున్న రేకుల షెడ్డులో కారు. ఆఫీసు కిటికీ సందులోకి తెరుచుకుంటుంది. ఆ కిటికీ పక్కన బల్ల వేసుకుని మాస్టారి భార్య కూర్చుంటుంది. ఫోన్లు, బ్యాచ్‌లు, క్లాసు ఎగ్గొట్టినవాళ్ల కుంటిసాకులు అన్నీ ఆవిడే చూసుకుంటుంది. ఆ సందులోంచి పోయేవాళ్లు ఎంత పెద్దవాళ్లయినా సరే, కిటికీ ముందుకు రాగానే ఒక్కసారి హారన్ కొట్టి పోతారు. అది మాస్టారికి నమస్కారం. ఆయన లోపల అన్నం తింటున్నా తల ఊపుతారు.

స్కూలుకు ఎప్పుడూ ఒకటే కారు. పాతది, బరువైనది. ఎవరో సరదాకి 'పెద్దావిడ' అంటే ఆ పేరే నిలిచిపోయింది. నేర్చుకునేవాళ్ల కాలి దగ్గరుండే బ్రేకు కాక, పక్క సీట్లో మాస్టారి కాలి దగ్గర ఇంకో బ్రేకు ఉండేది. రెండింటినీ ఒక కేబుల్ కలుపుతుంది. మనం గోడ మీదికి పోతుంటే ఆయన తొక్కుతారు. మనమూ గోడా ఇద్దరం బతికిపోతాం.

మాస్టారు రోడ్డు చూసేవారు కాదు, ఇంజను వినేవారు. ఒళ్లో పేపరు పెట్టుకుని చదువుకుంటూనే, మొదటి గేరులో ఇంజను గోల పెడితే తల ఎత్తకుండా "మార్చండి" అనేవారు. నేర్చుకునేవాడికి భయం వేస్తే అది మొహం కంటే ముందు ఇంజను గొంతులో తెలుస్తుందట. ఆ గొంతు మారగానే ఆయన కాలు లేచి బ్రేకు మీద పడేది. మిగతా సమయమంతా కాలు నేల మీదే. నేర్పేవాడి కాలు నేల మీద, చెవి ఇంజను మీద ఉండాలని రోజూ చెప్పేవారు. అదేపనిగా బ్రేకు మీద కాలు పెట్టుకుని కూర్చునే మాస్టర్లంటే ఆయనకు అరికాలి మంట నెత్తికెక్కేది. అలాంటివాళ్ల దగ్గర నేర్చుకునేది పిల్లలు కాదు, బ్రేకు అనేవారు.

ఇంకో నియమం కూడా ఉండేది. కారు తలుపు పడిందంటే లోపలున్న ప్రతి మనిషీ 'మీరు' అయిపోతారు. కూతురైనా, బావమరిదైనా, కట్టుకున్న భార్యయినా అంతే. భయపడే మనిషిని మర్యాదగా పిలిస్తే సగం భయం అక్కడే దిగిపోతుందని ఆయన నమ్మకం. నన్ను జీవితంలో మొదట 'మీరు' అన్న మనిషి ఆయనే. ఆ తర్వాత చాలా రోజులు ఇంకెవరూ అనలేదు.

అలాంటి పెద్దావిడకు వయసైపోయింది. అంత పాత బండిలో పాఠాలు చెప్పకూడదని రూలు వచ్చింది, నెలాఖరు వరకే గడువు. మాస్టారి కూతురు ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని చేస్తుంది. ఆ అమ్మాయి పట్టుబట్టి ఒక హైబ్రిడ్ కారు కొనిపించింది. కాస్త పెట్రోలు, కాస్త బ్యాటరీ. క్లచ్ లేదు, గేరు మార్చే పని లేదు, పొగ లేదు, రొద లేదు, తాళం చెవి కూడా సరిగ్గా లేదు. మాస్టారి బావమరిది మెకానిక్కు. పెద్దావిడలోని రెండో బ్రేకు పెడల్ ఊడదీసి, కొత్త కేబుల్ వేసి ఇందులో బిగించాడు. కొత్త పెడలే వేద్దామన్నాడు గానీ మాస్టారు ఒప్పుకోలేదు. అరిగిపోయిన ఆ పాత పెడల్ మీద ఆయన బూటు ఆకారం గుంట పడి ఉంది.

ఆ రోజు పొద్దున వేసుకున్న ప్లాను చాలా చిన్నది. టిఫిను తినడం, కారు తుడవడం, లైసెన్సు ఆఫీసు వెనకున్న గ్రౌండుకు వెళ్లడం. అక్కడ ఇన్‌స్పెక్టరు వెనక సీట్లో కూర్చుంటాడు, ఒక విద్యార్థి నడుపుతాడు, మాస్టారు పక్కన కూర్చుని పాఠం చెబుతారు. బండి నచ్చితే స్కూలు నడుస్తుంది. నచ్చకపోతే నెలాఖరుకి పెద్దావిడతోపాటు పర్మిషన్ కూడా పోతుంది, బోర్డు దించేయాలి. ఒకసారి దించాక మళ్లీ ఎక్కించే ఓపిక తనకు లేదని మాస్టారు ముందు రోజే చెప్పేశారు. ఆ మాట ఆయన మామూలుగా, మజ్జిగ పోసుకుంటూ చెప్పారు. అందుకే ఇంట్లోవాళ్లకు భయం వేసింది.

విద్యార్థిగా ఎవరిని కూర్చోబెట్టాలన్న దగ్గర కారు రాకముందే కాస్త చర్చ నడిచింది. ఉన్న విద్యార్థుల్లో ఒకడు ఇన్‌స్పెక్టరు పేరు వింటేనే వణుకుతాడు, ఇంకొకామె స్టీరింగు వదిలేసి నమస్కారం పెడుతుంది. అప్పుడు మాస్టారి భార్య "నేను నడుపుతాను" అంది. ఊళ్లో సగం మందికి నేర్పిన మనిషి భార్యకు నేర్పలేదు. ఆవిడా అడగలేదు. ఇంట్లో వింటున్న పాఠాలు చాలనేది. కానీ లెర్నర్ లైసెన్సు తీసుకుని, కొత్త కారు వచ్చినప్పటి నుంచీ పొద్దున్నే లేచి, మాస్టారిని పక్కన కూర్చోబెట్టుకుని చక్కగా నేర్చుకుంది. చిక్కల్లా ఒక్కటే. కారు కదలదు.

అంటే కదులుతుంది, పెళ్లికి ఇష్టం లేని పెళ్లికొడుకులా. ఎక్సలరేటర్ తొక్కితే కాసేపు ఆలోచించి, నిట్టూర్చి, కొంచెం ముందుకు జరుగుతుంది. దిగి చూస్తే ముందు చక్రాల దగ్గర వేడి, కాలిన వాసన. ఆ పొద్దున చివరి రిహార్సల్ కోసం సందు చుట్టూ తిరిగినప్పుడు కూడా అదే తంతు. వెనక సీట్లో కూర్చున్న కూతురు ఆ సంభాషణ అంతా విన్నది.

"ఇంకాస్త గట్టిగా తొక్కండమ్మా."

"తొక్కుతూనే ఉన్నానండీ."

"మీరు నిజంగా తొక్కితే బండి కదలాలి. బండి కదలట్లేదు. అంటే మీరు తొక్కట్లేదు."

"మాస్టారూ, ఇంకా తొక్కితే నా కాలు ఇంజన్లోకి పోతుంది. తీసుకొచ్చే పూచీ మీదా?"

"ఆడవాళ్ల కాలు మెత్తన అని నేను అనలేదు. మీరే అనిపిస్తున్నారు."

"మీరు అనండి. ఇంటికెళ్లాక మాట్లాడుకుందాం, అక్కడ 'మీరు' ఉండదు."

ఇంటికి వచ్చేసరికి ఇద్దరికీ చెరో అనుమానం. భార్య కాలిని మాస్టారు అనుమానిస్తున్నారు, భార్య కారును అనుమానిస్తోంది. కూతురు తన చదువంతా బయటికి తీసింది. స్టీరింగు కింద ఒక చిన్న పరికరం గుచ్చి, లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని కారును ప్రశ్నలడిగింది. నాకేమీ రోగం లేదని కారు జవాబిచ్చింది. ఆ అమ్మాయి పనిచేసే చోట తప్పు కనబడలేదంటే సరిగ్గా వెతకలేదని అర్థం. అందుకని మళ్లీ అడిగింది. కారు మళ్లీ అదే చెప్పింది.

ఈలోగా ఆ అమ్మాయి మేనమామ, అదే మెకానిక్కు బావమరిది, వచ్చాడు. జాకీ పెట్టి ముందు చక్రాలు లేపి, ఒక్క వేలితో తిప్పాడు. చక్రం హాయిగా, గాలికి తిరిగే కాగితప్పువ్వులా తిరిగింది. బ్రేకు పట్టేసిన జాడే లేదు. దాంతో ఆయనకు చిరాకేసింది. బాగున్న బండిని ఆయన తన షెడ్డులో ఎప్పుడూ చూడలేదు, ఎలా ఉంటుందో తెలియదు. మేనకోడలూ మేనమామా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఏ లోపమూ లేదు కాబట్టి లోపం చాలా పెద్దదే అయి ఉంటుందని ఇద్దరూ ఒక నిర్ణయానికి వచ్చేశారు.

మొదటి వైద్యం కూతురిది. ఆఫీసులో ఏది మొరాయించినా ముందు చేసేది ఒకటే, ఆపి మళ్లీ పెట్టడం. కారును ఆపి పెట్టడమంటే చిన్న బ్యాటరీ వైరు పీకి కాసేపు ఉంచాలంది. మేనమామ పీకాడు, ఉంచాడు, పెట్టాడు. కారు నిద్ర లేచి అందర్నీ మర్చిపోయింది. గడియారం మొదటికొచ్చింది. డ్రైవరు పక్క అద్దం సగం దిగి అక్కడే బిగుసుకుపోయింది, ఎంత బతిమాలినా ఎక్కనంది. ఎవరి చెయ్యి దేనికి తగిలిందో గానీ వెనక అద్దం మీది వైపరు ఆడటం మొదలుపెట్టింది, ఎండలో, పొడి అద్దం మీద, కీచు కీచుమంటూ. కదలడం మాత్రం ఎప్పటిలాగే కదల్లేదు.

రెండో వైద్యం మేనమామది. మాస్టారి పెడల్‌కున్న కేబుల్ బిగుతుగా ఉందని, అదే బ్రేకును లాగి పట్టుకుంటోందని తేల్చి, దాన్ని బాగా వదులు చేశాడు. ఈసారి కారు రివ్వున పోయింది. మాస్టారి భార్య మొహం వెలిగిపోయింది. సందు మలుపులో ఎదురుగా పాలవ్యాను వచ్చింది. మాస్టారు అలవాటుగా తన బ్రేకు తొక్కారు. పెడల్ నీళ్లలోకి దిగినట్టు మెత్తగా నేల దాకా పోయింది, ఏమీ జరగలేదు. ఆవిడే తన బ్రేకు తొక్కి, వ్యానుకు జానెడు దూరంలో బండిని ముద్దుగా ఆపింది. అంత బాగా ఆపినందుకు ఎవరూ మెచ్చుకోలేదు. మాస్టారు దిగి, బావమరిది దగ్గరికి నడిచి వెళ్లి, అది బ్రేకు కాదనీ కాళ్లు పెట్టుకునే పీట అనీ చెప్పారు.

మేనమామ ఉక్రోషంతో బిగించాడు. ఈసారి ఎంత బిగించాడంటే కారు షెడ్డులోంచి బయటికి వచ్చేలోపే చక్రాల నుంచి సన్నగా పొగ వచ్చింది. మళ్లీ వదులు చేశాడు, మళ్లీ బిగించాడు. వెంట్రుకవాసి అటు, వెంట్రుకవాసి ఇటు. మాస్టారి బ్రేకు పనిచేస్తే బండి కదలదు, బండి కదిలితే మాస్టారి బ్రేకు పనిచేయదు. ఈ రెండూ ఒకేసారి ఎందుకు కుదరవో మెకానిక్కుకూ అర్థం కాలేదు, సాఫ్ట్‌వేరుకూ అర్థం కాలేదు. చివరికి కేబుల్‌ను పుస్తకంలో రాసినట్టు సరిగ్గా, కొంచెం వదులు ఉంచి బిగించి, టైము అయిపోతోందని అందరూ ఎక్కేశారు. ముందు భార్యాభర్తలు, వెనక మేనమామా మేనకోడలూ, వాళ్ల వెనక కీచుమంటూ వైపరు.

పెద్ద రోడ్డు ఎక్కాక వెనక నుంచి హారన్లు మొదలయ్యాయి. ఇవి నమస్కారం హారన్లు కావు. కారు నత్తలా పాకుతోంది, వెనక బళ్లు బారులు తీరాయి. ఒక పెద్దాయన ఓర్చుకోలేక పక్కకొచ్చి, సగం దిగి ఉన్న అద్దంలోంచి తల వంచి మాట్లాడాడు.

"అమ్మా, మీ వెనక ఎర్రలైటు ఇందాకటి నుంచి వెలుగుతూనే ఉంది. వెళితే వెళ్లండి, ఆగితే ఆగండి. రెండూ ఒకేసారి చేస్తే మేమేం చేయాలి?"

బ్రేకు తొక్కితేనే వెలిగే లైటు అది. మాస్టారి భార్య తాను బ్రేకు ముట్టుకోలేదని ఒట్టేసింది. అయితే లైటు స్విచ్ పోయి ఉంటుందన్నాడు మేనమామ. బండి పక్కకు తీయించి, మాస్టారే దిగి వెనక్కి వెళ్లి చూశారు. లైటు వెలగడం లేదు. వెనక నిలబడి, కొంచెం ముందుకు పోనివ్వమని చెయ్యి ఊపారు.

ఆవిడ పొద్దుటి నుంచీ తొక్కుతున్నంత గట్టిగానే తొక్కింది. కారు విల్లు వదిలిన బాణంలా పోయింది. చెట్లు, దుకాణాలు, పొద్దున మాస్టారితో పడ్డ మాటలు అన్నీ వెనక్కి పోయాయి. రోడ్డు చివర ఆవిడ నెమ్మదిగా ఆపింది. కాసేపు వైపరు ఒక్కటే మాట్లాడింది.

"అక్కా, ఇప్పుడు నువ్వేం చేశావు?" అన్నాడు మేనమామ.

"నేనేం చేయలేదురా. మీ బావ దిగారు, అంతే."

అనేశాక ఆవిడకు తన మాట తనకే వినబడింది. వెనకున్న ఇద్దరికీ కూడా. ముగ్గురూ వెనక అద్దంలోంచి చూశారు. దూరంగా మాస్టారు రోడ్డు వారగా నడిచి వస్తున్నారు. చెయ్యి ఇంకా కొంచెం పైకే ఉంది, దించడం మర్చిపోయినట్టు.

ఆయనకు చెప్పొద్దనుకున్నారు ముగ్గురూ. చెప్పాల్సిన అవసరం రాలేదు. ఆయన ఎక్కి, తలుపు మెల్లిగా వేసుకుని, పోనివ్వండమ్మా అని, జీవితంలో మొదటిసారి పేపరు కాక తన కాళ్లు చూసుకున్నారు. కూతురు సీట్ల మధ్యలోంచి తల పెట్టింది. కారు కదిలీ కదలగానే ఆయన కుడికాలు, తెలిసినవాళ్ల ఒళ్లోకి ఎక్కే పిల్లిలా, చప్పుడు లేకుండా లేచి ఆ పాత పెడల్ మీది గుంటలో కూర్చుంది. కారు నిట్టూర్చింది.

"నేను తొక్కట్లేదు. ఊరికే ఉంది" అన్నారు ఆయన, పక్కింటివాళ్ల పిల్లాడి గురించి చెబుతున్నట్టు.

ఊరికే ఉన్నా చాలని కూతురు మెల్లిగా చెప్పింది. ఈ కారుకు బ్రేకు మీద కాలు తగిలితే చాలు, ఆగమన్నారనుకుని మోటారును తగ్గించేస్తుంది. అమ్మ వెళ్లమంటుంది, నాన్న ఆగమంటాడు, అది నాన్న మాటే వింటుంది. జాకీ మీద చక్రం హాయిగా తిరిగిందంటే అప్పుడు సీట్లో ఎవరూ లేరు కాబట్టి.

మాస్టారు కాలిని నేల మీద పెట్టారు. కారు కదిలింది, కాలు మళ్లీ వెళ్లింది. చేత్తో పట్టి దించారు. మళ్లీ వెళ్లింది. బ్రేకు మీద కాలు పెట్టుకుని కూర్చునే మాస్టర్లను ఆయన ఎన్నెన్ని మాటలన్నారో ఆ కార్లో అందరికీ గుర్తుంది. ఎవరూ ఎత్తలేదు.

"పెద్దావిడ అన్నీ చెప్పేదే. ఇందులో నా కాలికి ఏమీ వినబడట్లేదు" అన్నారు చివరికి, భార్యతో. కార్లో ఆవిడతో 'మీరు' లేకుండా ఆయన మాట్లాడటం అదే మొదలు. "ఎప్పుడు తొక్కాలో తెలియక అది ముందే పోయి కూర్చుంటోంది. ఇంటికి పోదాం పద. బోర్డు నేనే దించుతాలే."

ఆవిడ ఇంటికి తిప్పలేదు. గ్రౌండు వైపే పోనిచ్చింది. వెనకున్న ఇద్దరూ దారి పొడుగునా ఉపాయాలు చెప్పారు. బూటు విప్పి చూశారు, కాలికి మరీ ధైర్యం వచ్చింది. సీటు వెనక్కి జరిపారు, కాలు పొడుగు సాగింది. కాలిని కట్టేద్దామన్నాడు మేనమామ, కానీ రెండో బ్రేకు పనిచేస్తోందో లేదో ఇన్‌స్పెక్టరు తప్పకుండా చూస్తాడు. కూతురు ఫోన్లో పాత ఇంజన్ల శబ్దాలు వెతికి కారు స్పీకర్లలో పెట్టింది. ముందు తలనొప్పి మందు ప్రకటన వచ్చింది, తర్వాత ఏదో ట్రాక్టరు. మాస్టారు మర్యాదగా విని, ఇది మనది కాదమ్మా అన్నారు. కాలు కూడా అదే అభిప్రాయంతో ఉన్నట్టు కదల్లేదు.

గ్రౌండులో ఇన్‌స్పెక్టరు అప్పటికే వచ్చి నిలబడి ఉన్నాడు. సన్నటి మనిషి, తక్కువ మాటలు. కూతుర్నీ మేనమామనూ దిగమన్నాడు. ఎండలో ఆడుతున్న వైపరును ఒకసారి చూసి, ఏమీ అడక్కుండా వెనక సీట్లో కూర్చున్నాడు. దిగినవాళ్లిద్దరూ కంచె పక్కన నిలబడ్డారు. అక్కడి నుంచి లోపల ఏం జరుగుతోందో కనబడదు, కారు వెనక ఎర్రలైటు మాత్రం కనబడుతుంది.

కారు బయలుదేరింది. ఎర్రలైటు వెలిగింది. వెలిగే ఉంది. కారు గ్రౌండులో ఒక వైపంతా ఈడ్చుకుంటూ పోయింది. కూతురు గోళ్లు కొరుకుతోంది. తానే పట్టుబట్టి ఈ బండి కొనిపించింది, ఈ నిశ్శబ్దం తాను తెచ్చిందే. మేనమామ కంచె తీగను అనవసరంగా బిగిస్తున్నాడు.

మొదటి మలుపు దగ్గర ఆయన చెయ్యి ఆగిపోయింది. "అదేంటే, పెద్దావిడ ఇక్కడికెలా వచ్చింది?" అన్నాడు, చుట్టూ చూస్తూ.

కూతురికీ వినబడింది. మొదటి గేరులో పెద్దావిడ పెట్టే గోల, గొంతులో గరగర, క్లచ్ తొక్కినప్పుడు ఊపిరి బిగబట్టినట్టు ఒక్క క్షణం ఆగడం, తర్వాత రెండో గేరులో నిమ్మళంగా దిగే పాట. మూడో గేరు పడగానే వచ్చే పొడిదగ్గు కూడా. చిన్నప్పుడు బడి నుంచి వచ్చి, వీధి గుమ్మంలో కూర్చుని, ఆ దగ్గు మలుపులో వినబడితే నాన్న వస్తున్నాడని లోపలికి పరిగెత్తేది. అదే దగ్గు. సగం దిగి బిగుసుకుపోయిన అద్దంలోంచి బయటికి వస్తోంది.

అది వాళ్లమ్మ గొంతు.

ఎన్నో ఏళ్లు ఆ కిటికీ పక్కన కూర్చుని ఆవిడ చేసిన పని ఫోన్లు ఎత్తడమే అనుకున్నారు అందరూ. ఆవిడ వింటూ కూర్చుంది. కారు కనబడకపోయినా, రెండో వీధిలో ఉండగానే ఎవరు నడుపుతున్నారో, పాఠం ఎలా నడిచిందో, మాస్టారు ఏ మూడ్‌లో ఇంటికి వస్తున్నారో, టీ ఇప్పుడు పెట్టాలో కాసేపాగి పెట్టాలో ఆవిడకు ఆ ఇంజనే చెప్పేది. ఆయన చెవి ఎంత నేర్చుకుందో ఆవిడ చెవీ అంతే నేర్చుకుంది. ఆవిడ దాన్ని గొంతులో కూడా దాచుకుంది.

లోపల ఏం జరిగిందో మాస్టారు తర్వాత చెప్పారు. భార్య రోడ్డు మీంచి కళ్లు తిప్పకుండా, మొహంలో ఏ మార్పూ లేకుండా, పళ్ల మధ్య నుంచి ఆ శబ్దం మొదలుపెట్టిందట. మొదట ఆయనకు నవ్వొచ్చింది. తర్వాత కాలు తేలికైంది. మొదటి గేరు గోల ఎక్కువసేపు లాగేసరికి, నోరు తనంతట తానే "మార్చండి" అంది. ఆవిడ ఊపిరి బిగబట్టి, గొంతు దించి, మార్చింది. ఆయన కళ్లు మూసుకున్నారు.

కంచె దగ్గరవాళ్లకు కనబడింది ఇంతే. ఎర్రలైటు ఆరిపోయింది. కారు గ్రౌండు చుట్టూ నీళ్లలో చేపలా తిరిగింది. ఒకచోట ఇన్‌స్పెక్టరు మాస్టారి భుజం తట్టినట్టున్నాడు. మరుక్షణం ఎర్రలైటు ఒక్కసారి వెలిగింది, కారు గీత మీద ఆగింది, లైటు ఆరింది, దగ్గుతూ మళ్లీ బయలుదేరింది. మేనమామ కంచెను వదిలి, కళ్లలో దుమ్ము పడిందన్నాడు. ఆ రోజు గాలి లేదు.

కారు వచ్చి ఆగింది. మాస్టారి భార్య చివరి గేరు దించి, ఇంజను ఆపింది. నిజం ఇంజను ఎప్పుడో ఆగిపోయింది. ఇన్‌స్పెక్టరు దిగి, టోపీ పెట్టుకుని, బండి చుట్టూ ఒకసారి నడిచాడు. వంగి చక్రం ముట్టుకున్నాడు, చల్లగా ఉంది. ఆ వైపరు ఆపించుకోమన్నాడు, అద్దం బాగు చేయించుకోమన్నాడు. రెండు బ్రేకులూ బాగున్నాయన్నాడు. విద్యార్థిని చాలా బాగా నడిపిందని, పర్మిషన్ కాగితం సాయంత్రం వచ్చి తీసుకోవచ్చని చెప్పాడు. మాస్టారు చేతులు జోడించారు. రెండడుగులు వేసినవాడల్లా ఇన్‌స్పెక్టరు వెనక్కి తిరిగాడు.

"మాస్టారూ, ఒక్క విషయం. ఈ హైబ్రిడ్ బళ్లు చప్పుడు చేయవని విన్నాను. మీ ఇంజను శబ్దం మరీ ఎక్కువగా ఉంది. ఒకసారి చూపించుకోండి."

మేనమామ అలవాటుగా బానెట్ వైపు నడిచాడు. కూతురు ఆయన చొక్కా పట్టుకుని ఆపింది. అసలు ఇంజను మాత్రం డ్రైవరు సీట్లో గొంతు పట్టుకుని కూర్చుని ఉంది, నోట మాట రావడం లేదు. మాస్టారు ఆవిడ వైపు చూశారు. ఆ చూపు నేను చూడలేదు, కానీ కూతురు చెబుతూ చెబుతూ ఇక్కడ కాస్త ఆగింది.

"లేదండీ" అన్నారు మాస్టారు, ఇన్‌స్పెక్టరుతో, చాలా మర్యాదగా. "మా బండి గొంతే అంత. దాన్ని తగ్గించే ఉద్దేశం లేదు."

మీ ఇంట్లోనూ ఇలాంటి బండి కథ ఉంటే తప్పకుండా రాసి పంపండి, ముందు పక్క సీట్లో ఎవరున్నారో ఒకసారి చూసుకుని.